రోజూ దువ్వమన్నారు

మా కుక్క పేరు పిడికెడు. గోల మాత్రం పుట్టెడు. ఏ రెండు జాతులు కలిసి దీన్ని కన్నాయో గానీ, రెండింటి తిక్కా దీనికే వచ్చింది. పైన పట్టులాంటి పొడుగు జుట్టు, కింద ఉంగరాల జుట్టు. రాలదు, ఇల్లు శుభ్రంగా ఉంటుందని మా ఆయన తగుదునమ్మా అంటూ తీసుకొచ్చాడు. రాలని జుట్టు మరి ఎక్కడికి పోతుంది? అక్కడే చిక్కులు పడి ఉండలు కడుతుంది. చెవులు తుడవాలి, పళ్లు తోమాలి, రెండు పూటలా తిప్పాలి. నర్సుల యూనిఫారాలు కుట్టుకునే నా నెత్తిన ఇదొకటని రోజూ నా గోడు.

మామగారు రిటైరైన బస్సు డ్రైవరు. అత్తగారు పోయాక, రెండేళ్లుగా మా దగ్గరే ఉంటున్నారు. అడిగితే ‘ఊఁ’, అడక్కపోతే అదీ లేదు. కుక్కతో మాత్రం గంటలకొద్దీ కబుర్లు. రెండు నెలల కిందట దాన్ని పశువుల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లి వచ్చి, "రోజూ అరగంట దువ్వాలటమ్మా. ఆ పని నాకొదిలెయ్" అన్నారు. వదిలేశాను.

మొన్న మంచం మీంచి దించబోతే పిడికెడు కుయ్యోమంది. జుట్టు పాయలు తీసి చూద్దును కదా, చంకల్లో, చెవుల వెనక గట్టిగా అట్టకట్టి చర్మానికి అతుక్కుపోయింది. పాయ కింద ఎర్రటి పుండు. పైకేమో నున్నగా మెరుస్తోంది! నాకు ఒళ్లు మండిపోయింది.

"మీవల్ల కాకపోతే కాదని చెప్పొచ్చు కదా మామయ్యగారూ! మూగజీవం, ఎంత నరకం పడిందో! దీన్ని ఇచ్చేస్తున్నా, అంతే."

ఆ ఊపులోనే నా దగ్గర యూనిఫారాలు కుట్టించుకునే హెడ్ నర్సుకి ఫోన్ చేశాను. ఆవిడ ఎప్పట్నుంచో ఈ కుక్కను అడుగుతోంది. ఆదివారం వచ్చి తీసుకెళ్తానంది. మామగారు పిడికెడును వెంటబెట్టుకుని తన గదిలోకి వెళ్లిపోయారు.

శనివారం మామగారినీ, కుక్కనీ తీసుకుని వెళ్తే, డాక్టరమ్మ మిషనుతో జుట్టంతా తీసేస్తూ, "రోజూ దువ్వమన్నాను కదండీ" అంది.

"దువ్వుతూనే ఉన్నానమ్మా. గడియారం చూసుకుని మరీ, అరగంట."

"ఎలా దువ్వారు?"

మామగారు కుక్క తల మీద అరచెయ్యి వేసి తోక దాకా మెల్లగా నిమిరారు. మళ్లీ నిమిరారు. డాక్టరమ్మ మిషను ఆపేసింది.

"దువ్వెనతో మామయ్యగారూ!"

"దువ్వెనతో అని ఆవిడ అనలేదు కదమ్మా."

అనలేదట. మా ఇంట్లో నా మీదికి కాలు దువ్వేవాళ్లకు కొదవ లేదు గానీ, కుక్కను దువ్వే మనిషి ఒక్కరూ లేరన్నమాట. తల బాదుకోవాలనిపించింది. అయినా ఫోన్ చేసి రావద్దని చెప్పలేదు. నా పంతం నాది.

ఆదివారం హెడ్ నర్సు వచ్చింది. బోడిగా, సగానికి సగమైన పిడికెడును చూసి కాస్త జంకి, "దీన్నెలా చూసుకోవాలి?" అని నన్నడిగింది. నేను నోరు తెరిచాను. చెవులు వారానికెన్నిసార్లు తుడవాలో నాకు తెలియదు. ఏ పేస్టుతో పళ్లు తోముతారో అదీ తెలియదు.

"రెండుసార్లమ్మా" అన్నారు మామగారు, వెనకనుంచి. "ముందు ఎడమ చెవి. కుడిది పట్టుకుంటే కరుస్తుంది. ఉరిమితే స్నానాలగదిలో దూరుతుంది, తలుపు మాత్రం వెయ్యకండి. పొద్దున వీధి చివరిదాకా నడిచాక కాళ్లు నొప్పంటుంది, దొంగది, ఎత్తుకోవద్దు. మనుషులు లేకపోతే అన్నం ముట్టదు. పక్కన కూర్చోవాలి." పిడికెడు వీపు మీద చెయ్యి వేసి, "దువ్వెనతోనే దువ్వండమ్మా. నాకు తెలియక చేశాను" అన్నారు.

ఇన్నాళ్లూ ఇదంతా నా నెత్తినుందని ఊరంతా చాటుకున్నది నేను. సిగ్గుతో చచ్చిపోయాను.

"ఏమనుకోకండి, కుక్కను ఇవ్వట్లేదు" అన్నాను.

"మరి నన్నెందుకు రమ్మన్నారు?" హెడ్ నర్సు మండిపడింది.

"బుద్ధి గడ్డి తిని."

ఆవిడ విసవిసా వెళ్లిపోయింది. యూనిఫారాల బేరం కూడా పోయినట్టే. మామగారు కుర్చీలో కూలబడి పిడికెడును ఒళ్లోకి లాక్కున్నారు.

"ఆ మాట నిన్ననే ఏడవొచ్చు కదే! రాత్రంతా కంటిమీద కునుకు లేదు నాకు!"

రెండేళ్లలో ఆయన నన్ను తిట్టడం అదే మొదటిసారి. సొంత కూతుర్ని తిట్టినట్టు తిట్టారు. ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి నాకు.