బ్రేకు కాగితం

రైలు యార్డు గోడ మీది నోటీసుకి జిగురు ఇంకా ఆరలేదు. "డ్రైవరు నిద్రపోవడమే ప్రమాదానికి కారణం" అని రాసి ఉంది. చచ్చిపోయిన డ్రైవరు మా చెల్లెలి భర్త. ఆసుపత్రి నుంచి శవం రాకముందే తీర్పు వచ్చేసింది.

"ఏం రాశారన్నయ్యా?" అంది చెల్లి.

చదివి వినిపించాను.

"ఆయనా! పెళ్ళిచూపుల్లో నన్ను వదిలేసి, బయట పోయే గూడ్సుకి ఎన్ని వ్యాగన్లో లెక్కపెట్టిన మనిషి! బండిలో నిద్రపోతాడా?"

నేను తల దించుకున్నాను. ఆ బండికి బ్రేకులు బాగున్నాయని సంతకం పెట్టింది నేనే.

మా నాన్న ఇదే యార్డులో పనిచేసినప్పుడు బండికి ముప్పై వ్యాగన్లు, చూడ్డానికి నలుగురు మనుషులు. ఇప్పుడు యాభై ఎనిమిది వ్యాగన్లు, ఒక్కడు. ప్రతి వ్యాగన్ దగ్గరా వంగి, బ్రేకులకి గాలి పోయే గొట్టం, దాని కుళాయి తెరిచి ఉందో లేదో చూసుకుంటూ నడవడానికి గంటన్నర పడుతుంది. కంపెనీ ఇచ్చేది ఇరవై నిమిషాలు. అందుకని డ్యూటీ ఎక్కగానే టీ తాగుతూ పది ఖాళీ బ్రేకు కాగితాల మీద సంతకాలు పెట్టి యార్డు మాస్టరు బల్ల మీద పడేసేవాళ్ళం. బండి నంబర్లు ఆయన రాసుకునేవాడు. ఇది చదువుతున్న మీరూ ఎక్కడో ఒకచోట అలాంటి సంతకం పెట్టే ఉంటారు.

బండి పట్టాలు తప్పి పడిపోయిన మలుపు దగ్గరికి వెళ్ళి చూశాను. పదిహేడో వ్యాగన్ కుళాయి మూసి ఉంది. బావ వేసిన బ్రేకు అక్కడితో ఆగిపోయింది. వెనక నలభై ఒక్క వ్యాగన్లూ తోసుకొచ్చాయి. నేను నడిచి ఉంటే, చేత్తో ఒక్కసారి తిప్పితే సరిపోయేది.

మధ్యాహ్నం విశ్రాంతి గదిలో నలభై మంది ముందు ఈ మాట చెప్పాను.

"నోర్ముయ్!" అన్నాడు మా అందరికంటే సీనియరు గడ్డం మామ. "నీకు జైలు, మాకు ఉద్యోగాలు ఊడటం. పోయినోడు ఎలాగూ పోయాడు."

"రేపు పోయేది నేను!" బండి చివరి పెట్టెలో వెళ్ళే గార్డమ్మ లేచింది. "మీరు టీ చప్పరిస్తూ పెట్టిన సంతకాల మీద మేం ప్రాణాలు పెట్టుకుని పోతున్నాం. ఇవాళ నా బండికి నడిచిన మహానుభావుడెవరు?"

"నేనే. అంటే... నడవలేదు," అన్నాడు వెనక నుంచి ఒకడు.

ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. గుమ్మంలో మా చెల్లి నిలబడి ఉంది. అంతా విన్నది.

"ఈ సంగతి ఆయనకి తెలుసా?"

"తెలుసు. అందరికీ తెలుసు," అన్నాను.

"అయితే అందరూ చెప్పండి." అంతే. వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున్న విచారణ. కంపెనీ అధికారి, పక్కన పోలీసు ఇన్‌స్పెక్టరు, ఎదురుగా మేమంతా. నా తప్పు ఒప్పుకున్నాను. అధికారి మొహం విప్పారింది.

"మంచిది. డ్రైవరు పేరు కొట్టేసి నీ పేరు రాస్తాం. ఎవరో ఒకడు. మిగతావాళ్ళు పన్లోకి పోండి!"

ఎవరూ కదల్లేదు. గడ్డం మామ ముందుకొచ్చాడు.

"నిన్నటి బొగ్గు బండి నాది సార్. నడవలేదు."

"మొన్నటి సిమెంటు బండి నాది."

"పొద్దుటి ఇనుము బండి నాది సార్. అది ఇప్పుడు దార్లో ఉంది. ముందు దాన్ని ఆపించండి!"

అధికారి లేచి నిలబడ్డాడు. "ఏంట్రా ఇది, బెదిరింపా?"

"కాదు సార్, భయం," అన్నాడు మామ. "ఇవాళ్టి నుంచి ప్రతి బండికీ నడుస్తాం. గంటన్నర పట్టనీ, రెండు గంటలు పట్టనీ."

"పదకొండు బండ్లు ఆగిపోతాయి!"

"ఆగనివ్వండి. ఆగకే కదా మనిషి పోయాడు!"

నన్ను జీపు ఎక్కిస్తుంటే చెల్లి వచ్చింది.

"నిన్ను క్షమించాననుకోకు. బయటికొచ్చాక మా గడప తొక్కకు. కోర్టులో మాత్రం ఆ కుళాయి సంగతి ఒక్క ముక్క వదలకుండా చెప్పు."

"చెప్తాను" అన్నాను. ఆమె నా మొహం చూడలేదు.

కాగితాలు పూర్తయి జీపు కదిలేసరికి పావుగంట పట్టింది. ఇప్పుడు యార్డు పక్కగా పోతోంది. మొదటి లైనులో ఇంజను కూత మీద కూత వేస్తోంది. ఎవరూ పచ్చజెండా ఊపడం లేదు. మా వాళ్ళు వ్యాగన్ల వెంట వంగి వంగి చూస్తున్నారు. వాళ్ళ మధ్య మా చెల్లి కూడా ఉంది, ప్రతి కుళాయి దగ్గరా ఆగి ఏదో అడుగుతోంది.

ఇంకా నాలుగో వ్యాగన్ దగ్గరే ఉన్నారు.