బతికున్నవాడి ఆఖరి పలుకులు

టోబియాస్ ఇంకా బతికే ఉన్నాడు. అతని ఆఖరి పలుకులు మాత్రం అచ్చయి మా బల్ల మీదకు వచ్చేశాయి.

లండన్‌లో అంతే. ఉరికి ముందే పశ్చాత్తాపం అచ్చవుతుంది, ఉరికొయ్య దగ్గర జనానికి అమ్ముతారు. వాటిని మడిచి కుట్టేది మా ఆడవాళ్లమే. ఎందరివో కుట్టాం. ఈసారి ఆ మనిషి మా అచ్చుమర తిప్పినవాడు.

"ప్రజలకు జవాబు చెప్పని రాజు రాజే కాడు" అన్న కరపత్రం అచ్చేశాడని అతని మీద రాజద్రోహం మోపారు. వకీలును కూడా ఇవ్వలేదు. ఎవరు కుట్టారని ఎంత గద్దించినా మా పేర్లు చెప్పలేదు. ఇప్పుడు యజమాని పెల్లమ్ రాసిన కాగితంలో అదే మనిషి "పాపిని, రాజుగారు క్షమించాలి" అని ఏడుస్తున్నాడు. మేం తల దించుకుని సగం కట్టలు కుట్టేశాం. బండి వాటిని పట్టుకుపోయింది.

అప్పుడొచ్చింది టోబియాస్ భార్య డోర్కస్. ఒకటి తీసి చదివింది.

"పొద్దున జైల్లో చూసొచ్చా. ఒక్క మాటా వెనక్కి తీసుకోనన్నాడు. మీరేంటే, ప్రాణం పోకముందే పరువు తీస్తున్నారు?"

"పొట్ట కోసం అక్కా..." హెస్టర్ నసిగింది.

"నా మొగుడికి లేదుటే పొట్ట? రేపు ఉరి తీసి దాన్నే చీలుస్తారు!"

సిగ్గుతో నా చెవులు కాలిపోయాయి.

"మానేద్దామే," అంది హెస్టర్.

"మానేస్తే పెల్లమ్ ఇంకొకరిని పిలుస్తాడు. కుడదాం. లోపల కరపత్రం పెట్టి కుడదాం," అన్నాను. సోదాలో దొరకని కరపత్రాల కట్టలు డోర్కస్ దగ్గర ఇంకా ఉన్నాయి.

"రాజద్రోహానికి ఆడదాన్ని మంటల్లో కాలుస్తారే! భయమేస్తోంది," అంది హెస్టర్.

"నాకూ వేస్తోంది. దారం ఇటివ్వు."

మర్నాడు ఉరికొయ్య దగ్గర మేమూ గుంపులో నిలబడ్డాం. చేపలమ్మే ఒకామె కాగితం విప్పింది. "ఇదేంటే తల్లీ, లోపల వేరే ఉంది!" పక్కనున్న నేతగాడు గట్టిగా చదివాడు. ఇంకో పదిమంది గొంతు కలిపారు. మెడకు ఉచ్చుతో టోబియాస్ తలెత్తి విన్నాడు. మా వైపు చూసి నవ్వాడు. మేం ముందు కుట్టిన ఏడుపు కూడా అదే గుంపులో అమ్ముడుపోతోందని అతనికి తెలియదు. నేను అతని కళ్లలోకి చూడలేకపోయాను.

సాయంత్రం సైనికులు వచ్చారు. "ఒక్క పేరు చెప్పండి, మిగతావాళ్లు ఇళ్లకు పోవచ్చు."

"టోబియాస్ చెప్పాడా?" అంది హెస్టర్. డోర్కస్‌తో సహా అందరం లేచి నిలబడ్డాం.

ఇప్పుడు జైల్లో ఉన్నాం. మా పశ్చాత్తాపాలూ అచ్చయ్యాయట. కానీ ఊళ్లో ఒక్క ఆడదీ వాటికి సూది పట్టడం లేదని కాపలావాడు విసుక్కున్నాడు. డోర్కస్ పకపకా నవ్వింది. నేను నవ్వలేకపోయాను. అలా సూది పట్టమని మేం టోబియాస్ మొదటి కాగితం దగ్గరే మొరాయించాల్సింది.