వెనక్కి లాగిన గడియ

ఈ తలుపు మళ్ళీ లోపలికే తెరుచుకుంటుందేమిటయ్యా అని పైకే అనేశాను, ఇంకా ఏమీ కాలేదు, గాలి లేదు, మబ్బు లేదు, సముద్రం ఏమీ ఎరగనట్టు పడుకుని ఉంది, అయినా అన్నాను, అనగానే కప్పు మీద రేకులు బిగిస్తున్న ఇద్దరూ నవ్వారు, హెచ్చరికమ్మ వచ్చింది, దిగండ్రోయ్, ఈ దీవిలో నాకు పెట్టిన పేరు అది, నవ్వండి, ఏడు నెలల క్రితం తుఫానులో ఇదే బడిలో బెంచీల కింద దూరినప్పుడు ఎవరికీ నవ్వు రాలేదు, అప్పుడూ చెప్పాను తలుపు గట్టిది కాదని, ఎవరు విన్నారు, నేను చెప్పింది జరక్కపోతే పిరికిది అంటారు, జరిగితే నీ నోరు మంచిది కాదంటారు, పోనీ మాట్లాడకుండా ఊరుకుందామా అంటే సోమవారం నుంచి నా కూతురు ఈ గుమ్మం దాటి లోపల కూర్చోవాలి, ఎలా ఊరుకోను.

అదిగో, బెంచీల గుట్ట మీద తలుపుకు వీపు పెట్టి కూర్చుంది, తొమ్మిదేళ్ళది, కాసేపు నోరు మూయవే తల్లీ అని బతిమాలేదాన్ని ఒకప్పుడు, తుఫాను నాటి నుంచి ఒక్క మాట లేదు, తలూపుతుంది, వేలు చూపిస్తుంది, అంతే, శిబిరంలో డాక్టరమ్మ గొంతులో ఏ లోపమూ లేదు, తొందరపెట్టకండి అంది, ఆవిడకేం, పడవెక్కి వెళ్ళిపోయింది, తొందరపెట్టకుండా ఉండడానికి నేనేమైనా రాయినా, ఇల్లంటూ ఉంటే కుదుటపడేదేమో, బడి ముందు, ఇళ్ళు తర్వాత అని ఊరంతా చేతులెత్తారు, మా ఆయన రెండు చేతులూ ఎత్తాడు మహానుభావుడు, ఇళ్ళకు చీట్లు వేస్తే మాకు వచ్చింది పంతొమ్మిది, ఊరంతా కలిసి ఒక్కో కప్పూ వేసుకుంటూ మా దాకా వచ్చేసరికి నా జుట్టు నెరుస్తుంది, అందాకా టార్పాలిన్ కింద, అది గాలికి ఎవరో తలుపు కొడుతున్నట్టే టపటపలాడుతుంది, పిల్ల రెండు చెవులూ మూసుకుంటుంది, ఎందుకే అంటే చెప్పదు.

ఈ తలుపుకు జరిగిన మర్యాద మాకు జరగలేదు, పక్క దీవి ఒడ్డున దొరికిందట, పడవలోంచి కొత్త పెళ్ళికూతుర్ని దింపినట్టు దింపారు, పెద్ద టీచరమ్మ విరిగి అతుక్కున్న చేత్తో దాన్ని నిమురుతూ మన తలుపు మనకొచ్చిందర్రా అని ఏడ్చింది, ఆ చెయ్యి విరిగింది ఈ తలుపు వల్లేనమ్మా అందామని నోటిదాకా వచ్చింది, మింగాను, కొత్త తలుపు ఇస్తామన్నవాళ్ళను వద్దని పంపేసి, దీని కొలతకే గుమ్మం చేయించి, పాత బందులు ఉన్నచోటే కొత్త బందులు వేసి, అచ్చం పాతదానిలాగే లోపలికి తెరుచుకునేలా బిగించారు, ముచ్చటపడితే సరా, బయటి నుంచి గాలి తోస్తే లోపలికి తెరుచుకునే తలుపును ఒక్క గడియే ఆపాలి, అదే బయటికి తెరుచుకునేదైతే గాలే దాన్ని గుమ్మానికి అదిమి పట్టదా, ఏడో తరగతితో ఆగిపోయిన నాకే తట్టింది, అంత పెద్ద టీచరమ్మకు తట్టలేదు, ఇక వడ్రంగి సంగతి చెప్పనక్కర్లేదు, వాడు మా మరిదే, పాత గడియ బిగించిందీ వాడే, నేను మూడుసార్లు కొట్టేసరికి ఊడిపోయిన గడియ, తుఫాను నాడు పిల్లకు చలేస్తుందని కోటు కోసం ఇంటికి పరిగెత్తి తిరిగొచ్చాను, పిడికిలితో బాదాను, మూడో దెబ్బకు తలుపూ నేనూ గాలీ కలిసి లోపల పడ్డాం, ఆ తర్వాతే రేకులు లేచిపోయాయి, దూలం టీచరమ్మ మీద పడింది, అప్పట్నుంచి ఆ గడియను తిట్టని పూట లేదు, పిల్లకు జడ వేస్తూ తిడతాను, పాడు గడియ, కొంప ముంచిన గడియ.

ఆపు వదినా, బయటికే తిప్పుతాను, ఒక్క పూట పని, నీ పోరు నేను పడలేను అన్నాడు మరిది ఉలి కింద పెట్టి, కానీ ఇలా రా, ఏడు నెలలుగా నన్ను దులిపేస్తున్నావే, ఇవాళ తలుపుకే ఉన్న ఈ పాత గడియను నీ కళ్ళతో చూడు, ఒక్క మరమేకైనా కదిలిందా, కడ్డీ వంగిందా, బందులు తెగాయి గానీ నా గడియ ఊడలేదు, ఇదిగో, వెనక్కి లాగినచోటే తుప్పు పట్టి బిగుసుకుపోయింది, ఎవరో తీశారు వదినా, ఎవడు తీస్తాడురా అంత గాలిలో, మతి ఉన్నవాడెవడైనా తీస్తాడా అన్నాను, అంటూనే వేలితో తడిమాను, నిజమే, కడ్డీ తిన్నగా ఉంది, వెనక్కి ఉంది, మతి ఉన్నవాళ్ళెవరూ తీయరు, అందరూ అవతలి గోడకు చేరి బెంచీల కింద ఉన్నారు, కిటికీలన్నీ చెక్కలతో మూసేసి గదంతా చీకటి, తలుపు దగ్గర ఎవరున్నారు, ఎవరూ లేరు, నేను వచ్చేదాకా ఇక్కణ్ణుంచి కదలకు అని నేను కూర్చోబెట్టి వెళ్ళిన మనిషి తప్ప.

ఇక ఎవర్ని తిట్టను, నేను బాదాను కనుక అది తీసింది, ఆ తర్వాత నేను గడియను తిట్టిన ప్రతిసారీ ఆ తిట్టు జడ కింద ఆ చిన్న మెడ మీద పడింది, మరిది ఏదో అంటున్నాడు, చెయ్యి అడ్డం పెట్టాను, కప్పు మీద సుత్తుల మోత ఆగింది, బెంచీల గుట్ట దగ్గరికి వెళ్ళి నేల మీద కూర్చున్నాను, ఎందుకు మాట్లాడవని అడగలేదు, చిట్టితల్లీ, ఆ రోజు నేను తలుపు కొట్టినప్పుడు నీకు వినబడిందా అన్నాను, అది నా వైపు చూడలేదు, బెంచీ అంచున లేచిన పెచ్చును గోటితో గీకుతూ కూర్చుంది, నేను ఆ గోటినే చూస్తున్నాను, పెచ్చు ఊడి నా ఒళ్ళో పడింది, వినబడిందమ్మా, నువ్వేనని తెలిసే తీశాను.