గమ్ము ఆరేలోపు

ఆ ఆదివారం ఇంట్లో ఐదుగురం ఉన్నాము. రాత్రి షిఫ్టు చేసి వచ్చి చాప మీద నిద్రపోతున్న పెద్దనాన్న బిక్షపతి, కిటికీ వెలుగులో కూర్చుని చీరకు రాళ్లు అతికిస్తున్న పెద్దమ్మ పద్మారాణి, తన చీరల మూట కూడా ఎత్తుకుని కింది ఇంటి నుంచి పైకి వచ్చిన కనకవ్వ, అద్దం ముందు విజయశ్రీ అక్క, నేను.

పదో తరగతి పరీక్షలు రాసి, సిరిసిల్ల దగ్గరి మా ఊరి నుంచి సెలవులకు సూరత్ వచ్చాను. గోడాదరాలో పెద్దమ్మ వాళ్లవి మేడ మీద రెండు గదులు. పెద్దనాన్న లింబాయత్‌లో మరమగ్గాల మీద పని చేస్తాడు. అక్క ఇక్కడే పుట్టింది, ఇక్కడే గుజరాతీ బడిలో చదివింది. తెలుగు మాట్లాడుతుంది కానీ చదవలేదు. నేను రోజూ నోటుబుక్కులో ఏదో ఒకటి రాసుకుంటుంటే వచ్చి తొంగి చూసి, నా గురించి ఏం రాశావని అడిగేది. చదివి చెప్పమంటే నేను పుస్తకం మూసేసేదాన్ని.

అక్క రింగ్ రోడ్డు మార్కెట్లో ఓంప్రకాష్ సేఠ్ దుకాణంలో చీరలు మడతపెట్టి ప్యాక్ చేస్తుంది. ఆ దుకాణంలో మధ్యాహ్నం పూట ఒక అమ్మాయి ఫోన్ ముందు నిలబడి ఒక్కో చీర భుజాన వేసుకుని చూపిస్తుంది. ఎక్కడెక్కడి వాళ్లో ఫోన్లలో చూస్తూ ఆర్డర్లు పెడతారు. దాన్ని లైవ్ అంటారు. చూపించే అమ్మాయి పని మానేస్తోందని, ఆ చోటు అక్కకు ఇస్తే బాగుంటుందని సేఠ్ అనుకున్నాడట. హైదరాబాద్, వరంగల్ వాళ్లతో అక్క అయితే తెలుగులోనే మాట్లాడుతుంది. నాలుగేళ్లుగా కిటికీ లేని వెనక గదిలో మడతలు పెడుతున్న అక్క ఆ మాట విన్న రోజు ఇంటికి వచ్చి, నన్నూ పెద్దమ్మనూ కూర్చోబెట్టి, ఉన్న నాలుగు చీరలనే తిప్పి తిప్పి మాకు అమ్మింది.

ఏప్రిల్ మొదట్లో ఒకరోజు అక్కను నిలబెట్టి చూశారు. మాటల్లో తడబడలేదు. కానీ ఆ లైట్ల కింద ముక్కు మీద, బుగ్గల మీద చర్మం సూదితో గుచ్చినట్టు రంధ్రాలు రంధ్రాలుగా కనిపించింది. చూస్తున్న వాళ్లలో ఎవరో, చీర బాగుంది, ముక్కేమిటి స్ట్రాబెర్రీలా ఉంది అని రాశారు. ప్యాకింగ్ గదిలో ఆడవాళ్లు అక్కను సంత్రా అని పిలవడం మొదలుపెట్టారు. నారింజ తొక్కలా ఉందని. అక్క వాళ్లతో పాటు నవ్వి, ఇంటికి వచ్చి అన్నం తినలేదు. ముఖం ఎవరికైనా చూపించుకో, మే మొదటి సోమవారం మళ్లీ చూద్దాం అన్నాడట సేఠ్.

దవాఖానకు నన్ను తోడు తీసుకెళ్లింది. "నాకు గుర్తుండదు గానీ నువ్వు రాసుకో చెల్లె" అంది. చర్మం డాక్టరమ్మ హిందీలో నెమ్మదిగా చెప్పింది. రంధ్రాలు అందరికీ ఉంటాయి, చర్మంలోని జిడ్డు బయటికి వచ్చే దారులే అవి. జిడ్డు ఎక్కువైతే, అది లోపలే గట్టిపడి నిలిచిపోతే, ఎండకు చర్మం బిగువు తప్పితే, గోళ్లతో గిల్లితే పెద్దగా కనిపిస్తాయి. కొందరికి వంశంలోనే ఉంటుంది. పూర్తిగా పోగొట్టే మందు ఎక్కడా లేదు, ఎవరైనా ఉందంటే నమ్మొద్దు, చిన్నగా కనిపించేలా మాత్రం చేయవచ్చు అంది. రెండు పూటలా ఘాటు లేని ఫేస్ వాష్, పొద్దున ఎండకు క్రీము, రాత్రి శనగ గింజంత జెల్. మూడు నెలలు పడుతుంది. మొదట్లో చర్మం ఎండి, ఎర్రబడి, పొట్టు లేస్తుంది. ఈ జెల్ రాసినన్నాళ్లు చర్మం లేతగా ఉంటుంది కాబట్టి రుద్దకూడదు, ముఖం మీద వ్యాక్స్ లాంటిది ఏదీ వేసి లాగకూడదు.

అన్నీ రాసుకున్నాను. చివరి మాట కింద గీత కూడా గీశాను. అక్క మాత్రం మూడు నెలలు అన్న దగ్గరే ఆగిపోయింది. సోమవారానికి ఉన్నవి మూడు వారాలే.

ఇంటికి వచ్చి వంశం సంగతి చెప్పినప్పుడు పెద్దమ్మ అద్దంలో తన ముక్కు చాలాసేపు చూసుకుంది. "నా ముక్కుకు ఏమైందట? ఇరవై ఐదేండ్ల సంది మీ నాయిన ఒక్క మాటన్న అన్నడా?" అంది. పెద్దనాన్న చొక్కా వేసుకుని పనికి వెళ్లిపోయాడు.

అక్క జెల్ క్రమం తప్పకుండా రాసింది. రెండో వారంలో ముక్కు పక్కన పొట్టు లేచింది. మూడో వారంలో కొంచెం నునుపు వచ్చిందని నాకనిపించింది గానీ అక్కకు అనిపించలేదు. ఆ ఆదివారం మంచు ముక్క గుడ్డలో చుట్టి రుద్దుకుంటోంది. మంచు తీసిన కాసేపు చర్మం బిగిసినట్టుండి, మళ్లీ మామూలే. రేపే లైవ్. అక్క అద్దం కింద పెట్టి ఊరికే కూర్చుంది.

నేను పెద్దమ్మతో పాటు చీరకు రాళ్లు అతికిస్తున్నాను. గమ్ము చుక్క పెట్టడం, దాని మీద రాయి నొక్కడం, అంతే పని. సాయంత్రానికి వేళ్ల మీద గమ్ము పొరలా ఆరిపోతుంది. దాన్ని ఒక కొస నుంచి లాగితే తొడుగులా ఊడి వస్తుంది, మట్టీ నూగూ అన్నీ దానికే అంటుకుని. కనకవ్వ అలా లాగి ఆ పొరను వెలుగులో పెట్టి చూపించింది. ఆమె వేలి గీతలన్నీ అందులో ఉన్నాయి. "పదేండ్ల సంది గీ గమ్ము గుంజి గుంజి నా ఏలిముద్రలే పోయినయి. రేషన్ షాపుల మిషన్ మీద ఏలు పెడితే నువ్వెవరంటది" అంది. పెద్దమ్మ నవ్వింది. అక్క నవ్వలేదు.

అప్పుడు నేనే అన్నాను. ముక్కు మీద రాసి ఇలా లాగితే లోపలిదంతా వచ్చేస్తుందేమో అక్కా, అని. బజారులో దొరికే నల్ల మాస్కులు కూడా ఇలాగే పొరలా ఊడతాయి కదా అని కూడా అన్నాను. ఆ ఇంట్లో నెల రోజుల్లో నేను అడగకుండా చెప్పిన మొదటి మాట అదేననుకుంటాను. అందరూ నా వైపు తిరిగారు. కనకవ్వ, చదువుకున్న పిల్ల చదువుకున్న పిల్లే అంది.

అక్క అద్దం మళ్లీ చేతిలోకి తీసుకుంది. "డాక్టర్ ఏమన్న వద్దన్నదా గిసొంటియి?"

గీత గీసిన ఆ వాక్యం నా కళ్ల ముందు ఉంది. వ్యాక్స్ లాంటిది ఏదీ. గమ్ము వ్యాక్స్ కాదు అని నాకు నేను చెప్పుకున్నాను. "గమ్ము గురించి ఏం చెప్పలే అక్కా" అన్నాను. అందులో అబద్ధం లేదు. అందుకే అంత తేలికగా నోటికి వచ్చింది.

అక్క నా ముందు కూర్చుని, కళ్లు మూసి, ముఖం పైకెత్తింది. అప్పటిదాకా ఆ ఇంట్లో నాది నీళ్లు అందించే పని, ఉల్లిగడ్డలు తరిగే పని. ఊరి నుంచి వచ్చిన పిల్లతో అక్క ప్రేమగానే ఉండేది కానీ ఏదీ అడిగేది కాదు. ఇప్పుడు ఆ ముఖం నా చేతుల్లో ఉంది. వేలితో గమ్ము తీసి ముక్కు మీద, తర్వాత రెండు బుగ్గల మీద పలుచగా రాశాను. కళ్ల దగ్గరికి పోకుండా చాలా జాగ్రత్తగా రాశాను.

ఆరడానికి ఇరవై నిమిషాలు పట్టింది. నోరు కదిలిస్తే చర్మం లాగుతోందని అక్క పెదవులు కదపకుండా మాట్లాడుతుంటే కనకవ్వ ఆమెను అనుకరించి నవ్వించాలని చూసింది. ఆ ఇరవై నిమిషాల్లో ఎప్పుడైనా తడిగుడ్డతో తుడిచేద్దాం అని నేను అనవచ్చు. రెండుసార్లు నోరు తెరిచాను కూడా. ఒకసారి పెద్దమ్మ మంచినీళ్లు అడిగింది. ఇంకోసారి ఎవరూ ఏమీ అడగలేదు.

ముక్కు మీది పొర సులువుగా వచ్చింది. దాని లోపలి వైపు రవ్వ గింజల్లా తెల్లటి మొనలు లేచి ఉన్నాయి. అక్క వాటిని చూసి నా చెయ్యి పట్టుకుని ఊపింది. ఎడమ బుగ్గ మీది పొర కొస పట్టుకుని నేను లాగాను. సగం వరకు వచ్చి పట్టేసింది. అక్క లాగు లాగు అంది. లాగాను. ఊడి వచ్చిన చోట చింతాకంత మేర చర్మం లేదు. తడిగా, ఎర్రగా, మెరుస్తూ ఉంది. పక్కన ఇంకో రెండు చోట్ల కూడా. అక్క అరవలేదు. అద్దం చూసుకుని, మిగిలిన బుగ్గ మీది గమ్మును నీళ్లతో తడిపి తడిపి తానే తీసుకుంది.

పెద్దమ్మ కోపమంతా జెల్ మీదికి పోయింది. ఆ మందే పిల్ల తోలు పలుచన చేసింది, లేకపోతే మా చేతులకు ఏళ్లుగా ఏమీ కాని గమ్ముకు ముఖం ఊడుతుందా అంది. ట్యూబును కిటికీలోంచి విసిరేసింది. లేచి వచ్చిన పెద్దనాన్న, రేపు ఆ డాక్టరమ్మ సంగతి తేలుస్తానన్నాడు. నేను నేల మీద పడిన రాళ్లు ఏరుతూ కూర్చున్నాను. ఆ రాత్రి నోటుబుక్కు తెరవలేదు.

సోమవారం అక్క దుకాణానికి ఫోన్ చేసి రాలేనని చెప్పింది. ఇవాళ కాకపోతే ఇంకొకరిని నిలబెట్టాల్సి వస్తుందన్నాడట సేఠ్. అక్క సరే సేఠ్‌జీ అని పెట్టేసింది. బుగ్గకు తగలకుండా చున్నీ వదులుగా ముఖానికి చుట్టుకుంది. పెద్దనాన్న షిఫ్టు దిగి నిద్ర కూడా పోకుండా మాతో వచ్చాడు. ఏమేం అడగాలో ఆటోలో తనలో తాను అనుకుంటూ వచ్చాడు.

అడగనే లేదు. డాక్టరమ్మ బుగ్గ చూడగానే, దీని మీద ఏం వేసి లాగావు అంది. అక్క చెప్పింది. నేను వద్దన్నాను కదా అంది డాక్టరమ్మ. మీరు చెప్పలేదు అంది అక్క. డాక్టరమ్మకు కోపం రాలేదు. నా వైపు చూసి, ఈ అమ్మాయి రాసుకుంది కదా, నేను ఆగి ఆగి చెప్పాను, అంది. తర్వాత మందు రాస్తూ మిగతావి చెప్పింది. పుండు మానేదాకా జెల్ వద్దు, వాసెలిన్ రాయాలి, పొట్టు గిల్లకూడదు, ఎండలో తిరగకూడదు. మచ్చ నల్లబడవచ్చు, పోవడానికి నెలలు పట్టవచ్చు. రంధ్రాలు మాత్రం ఎప్పటిలాగే ఉంటాయి, ముక్కు మీది రంధ్రాల్లోంచి లాగినదంతా కొన్ని రోజుల్లో మళ్లీ నిండుతుంది. ఈసారి అక్క ప్రతి మాటా వింది. పెద్దనాన్న డాక్టరమ్మకు దండం పెట్టి బయటికి వచ్చాడు.

ఇంటికి వచ్చాము. ఏమన్నది, ఏమన్నది అని పెద్దమ్మ అడుగుతుంటే పెద్దనాన్న ఆమెను చేయి పట్టుకుని పై డాబా మీదికి తీసుకెళ్లాడు. అక్క చున్నీ విప్పింది. నా ఎదురుగా నిలబడింది.

"ఒక్కటి అడుగుత కీర్తీ. గమ్ము రాస్తున్నప్పుడు ఆమె చెప్పింది నీకు యాదికున్నదా?"

మరిచిపోయానంటే సరిపోయేది. అక్క ఆ మాట కోసమే చూస్తున్నట్టుంది. అలా అంటే తిట్టి, రెండు రోజులు మాట్లాడకుండా ఉండి, మళ్లీ నన్ను చెల్లె అనేది. కానీ అప్పటికే ఒకసారి, అబద్ధం లేని మాట చెప్పి ఆమె ముఖం చేతుల్లోకి తీసుకున్నాను.

"యాదికుండె అక్కా" అన్నాను.

"ఆరేదాకా?"

"ఆరేదాకా."

అక్క నా వేళ్ల వైపు చూసింది. "అది నా ముఖమే గదా" అంది, గట్టిగా కూడా కాదు. లోపలి గదిలోకి వెళ్లింది. నేను వెనకాలే వెళ్లాను, ఏం చెప్పాలో తెలియకుండానే. గడప దగ్గర నా కాలు ఇంకా బయటే ఉంది. అక్క అది చూసి, నాకు తగలకుండా, మెల్లగా తలుపు వేసేసింది.