మామ్మ తిరిగివ్వని తాళంచెవి

నేను ఒక తాళంచెవిని. అలాగని నాతో ఏ తలుపో తెరుచుకుంటుందని ఆశపడకండి. నాలుగడుగుల థర్మోకోల్ ముక్కను, ఒంటినిండా బంగారు కాగితం. పైన పటారం, లోన లొటారం అంటే నేనే! కాలువగట్టు పేదలకు ఫ్లాట్లిచ్చే సభ కోసం మున్సిపాలిటీవారు నన్ను ఫ్లెక్సీ షాపులో చేయించారు.

ఆ ఫ్లాట్లకింకా గోడలే లేవు. మంత్రిగారు నన్ను ఒకరి చేతిలో పెట్టడం, ఫోటో తీయడం, గుమాస్తా శేషగిరి నన్ను లాక్కుని పక్కవారికివ్వడం. అలా అరవైమంది ఇంటివాళ్లయ్యారు. చివర వచ్చింది ఇడ్లీలమ్మే అచ్చియ్యమ్మ.

"ఇచ్చెయ్ మామ్మా, అది ఫోటో కోసం."

"మా గుడిసెలు ఫోటో కోసమే పీకేరా ఏటి? ఇల్లిచ్చి పట్టుకెళ్లు బాబూ."

నన్ను చంకన పెట్టుకుని ఆటో ఎక్కేసింది.

తర్వాత సంస్కరణలొచ్చాయి. ఇళ్లు కట్టడం సర్కారు పని కాదు, ఊరికి పద్నాలుగు కిలోమీటర్ల అవతల స్థలమిస్తాం, మీరే కట్టుకోండన్నారు. "అక్కడ నా ఇడ్లీలు ఎవరు తింటారు, నక్కలా?" అంది మామ్మ. ఆ తర్వాత వచ్చిన సర్కారువారు గుడిసెలు పీకిన స్థలంలో సగం ఓ బిల్డరుకిచ్చి, ముందు నువ్వు అమ్ముకునేవి, వెనక పేదలవి కట్టమన్నారు. పాత జాబితా చెల్లదన్నారు. ఆరేళ్లు ప్రతి సోమవారం, అర్జీలరోజున, మామ్మ నన్ను పట్టుకుని ఆఫీసు మెట్లమీద కూర్చుంది. జనం నవ్వితే నాకే సిగ్గేసేది. అద్దెగది కురిస్తే ముందు నన్నే మంచమెక్కించేది. ఆవిడంటే నాకు ప్రాణం.

ఎట్టకేలకు వెనక ఫ్లాట్లు కొన్ని పూర్తయ్యాయి. కొత్త జాబితాలో మామ్మ పేరు లేదు. సోమవారం జరగాల్సిన సభను ఒకరోజు ముందుకు, ఆదివారానికి మార్చారు. ఫోటోకి కొత్త తాళంచెవి చేయించే సంగతి అందరూ మరిచారు, ఫ్లెక్సీ షాపుకేమో సెలవు. శేషగిరి రొప్పుతూ వచ్చాడు.

"నీకు దణ్ణం పెడతా మామ్మా, గంటలో మంత్రిగారొచ్చేస్తారు. ఆ తాళంచెవి ఇటియ్యి."

"మరి ఇల్లో?"

ఫోన్లు మోగాయి. ఆరేళ్లు చెల్లని జాబితా అరగంటలో చెల్లింది! రెండో అంతస్తు, పన్నెండో నంబరు. మామ్మ అసలు తాళంచెవితో తలుపు తీసి, కుళాయి తిప్పి, నీళ్లొచ్చాక కళ్లు తుడుచుకుని అప్పుడు నన్నిచ్చింది.

సభలో ముప్ఫైమందికి అసలు తాళంచెవులిచ్చారు. ఇళ్లింకా పూర్తికానివారికి మాత్రం నన్నిచ్చి ఫోటో తీశారు. ఆ వరసలో చివరిది పూలమ్మే పైడితల్లి. వేదిక మెట్ల దగ్గర మామ్మ ఆమె చెవిలో ఏదో ఊదింది.

ఫోటో అయింది. శేషగిరి చెయ్యి చాచాడు. పైడితల్లి నన్ను చంకన పెట్టుకుని ఆటోను కేకేసింది.