గొంగడి సాక్షిగా

మంద మేతకు కదలకముందే కురుమయ్య గంపలెత్తి గొర్రెపిల్లలను పాలకు వదులుతున్నాడు. తల్లి చచ్చిన పిల్లను మరో గొర్రె తన్నేస్తుంటే, దాని కాలు ఒడిసిపట్టి, పిల్ల మూతిని పొదుగుకు ఆనించాడు. వంగినప్పుడల్లా రొమ్ములో ఏదో పట్టేస్తోంది. ఆ సంగతి ఇంట్లో చెప్పలేదు.

"బాపూ, బస్సు పోతది," నిహారిక పిలిచింది.

వచ్చే నెలలో ఆమెకు పద్దెనిమిదేళ్లు నిండుతాయి. ఆ తరువాత చట్టప్రకారం అతడు ఆమెను దత్తత తీసుకోవడం కుదరదు.

మొదటి మొగుడితో తెగతెంపులయ్యాక నిహారిక తల్లి మల్లీశ్వరిని కురుమయ్య మారుమనువాడినప్పుడు, పిల్ల ఇంకా పాకుతోంది. కులపెద్దలు పసిదాన్ని అతని ఒడిలో కూర్చోబెట్టి ఇద్దరికీ గొంగడి కప్పారు. "ఇగ గీ బిడ్డ నీదే," అన్నాడు కన్నతండ్రి దామోదర్, అందరూ వినేలా. గొంగడి సాక్షిగా అన్న మాటకు కాగితం అడగడం మనిషిని అవమానించడమే. కురుమయ్య అడగలేదు. ఆ పిల్ల బడికి వెళ్లేదాకా అదే గొంగడిలో అతని పక్కన నిద్రపోయింది.

"అమ్మాయి సమ్మతి ఉంది. కన్నతండ్రి సంతకం లేనిదే కలెక్టర్ ఉత్తర్వు రాదు పెద్దయ్యా," అంది జిల్లా కార్యాలయంలో అధికారిణి. "కోర్టుకు వెళ్తే అంతలో పద్దెనిమిది దాటిపోతాయి."

పిలిపిస్తే దామోదర్ వచ్చాడు. కలం ముట్టలేదు.

"ఏం కురుమయ్యా, మందల పిల్లలు సాలలేదా? సాకినవ్, మంచిదే. రేపు పెండ్లిల అల్లుని కాళ్లు కడిగేది నేనే."

"గొంగడి మీద మాటిచ్చినవ్ గదనే."

"గప్పుడు ఏడ్సే పోరి. గిప్పుడు ఎదిగొచ్చిన బిడ్డ."

"నువ్వెవరో నాకెరుక లేదు," అంది నిహారిక. ఆ మాటను ఎవరూ రాసుకోలేదు.

సాయంత్రం కురుమయ్య మందను దొడ్డికి తోలాడు. పొద్దున తన్నిన గొర్రె, ఆ పిల్లకు కదలకుండా పాలిస్తోంది. కాసేపు చూసి, అక్కడే ఆ పాత గొంగడి పరచి ఒరిగాడు. బువ్వకు పిలవడానికి వచ్చిన నిహారికకు అతడు పలకలేదు.

తెల్లవారి పాడె ముందు పట్టే నిప్పుకుండకు ఆమె చేయి చాచింది. కురుమయ్య తమ్ముడు ఐలేశం అడ్డం వచ్చాడు.

"నువ్వు జర పక్కకుండు బిడ్డా. మా నెత్తురే పట్టాలె."

కుండ ఐలేశం కొడుకు చేతికి పోయింది. గుంపులో నిలబడ్డ దామోదర్, "గామె నా బిడ్డ," అని పక్కవాడికి చూపిస్తున్నాడు.

దొడ్డిలో గొంగడి పరిచినట్టే ఉంది. ఒక అంచున కురుమయ్య పడుకున్న మేర నలిగి, పక్కన ఒకప్పుడు నిహారిక పడుకున్న జాగా అంతా ముడత పడకుండా.