మొగిలమ్మ చూడని అడుగులు

మొగిలమ్మ పాత చీర కొసలు రెండూ ఇనుప కడ్డీ మీదుగా లాగి ముడివేసి, తన బరువంతా ఆ తొట్టెల మీద మోపి చూసింది. ముడి జారలేదు. లోపలి మడతలు చేత్తో సర్ది పక్క కడ్డీ దగ్గరికి వెళ్లింది. మిల్లు సైరన్ మోగేలోగా తొట్టెలలన్నీ కట్టాలి. పాలు కాచాలి. గుమ్మం దగ్గర నీళ్ల బకెట్టు, తడిగుడ్డ పెట్టాలి. నూలు చుట్టే షెడ్డు నుంచి పాలివ్వడానికి వచ్చే తల్లుల జుట్టు మీద, మెడ మీద, రొమ్ముల మీద దూది నుసి తెల్లగా పేరుకొని ఉంటుంది. అది తుడుచుకోనిదే మొగిలమ్మ ఎవరినీ బిడ్డను ముట్టనివ్వదు.

ఆ గదిని ఆడకూలీల పిల్లల కోసం మిల్లువాళ్లే కట్టించారు. గోడ మీద 'శిశు సంరక్షణ కేంద్రం' అని పెద్దక్షరాలతో రాసి ఉన్నా, అందరికీ అది తొట్టెలల ఇల్లే. ఏ బిడ్డ తొట్టెలకు ఆ బిడ్డ తల్లి చీరే కావాలి. అదీ ఉతకని పాత చీర. ఉతికిన చీరలో పిల్లలు ఊరికే ఉలిక్కిపడి లేస్తారని మొగిలమ్మకు తెలుసు.

పొట్టి మనిషి. ఎడమ నడుము కొంచెం పక్కకు పొడుచుకొని వచ్చి ఉంటుంది. ఏళ్ల తరబడి పిల్లలను మోసిన నడుము అది. ఒట్టి చేతులతో నడిచేటప్పుడు కూడా, ఎవరినో చంకన వేసుకున్నట్టే ఒరిగి నడుస్తుంది.

"పెద్దమ్మా, ఇగో పట్టుకో నీ సమ్మిని. రాత్రంత లొల్లే లొల్లి."

భారతి బిడ్డను అందించింది. మేడారం జాతర నెలలో పుట్టిందని సమ్మక్క అని పేరు పెట్టారు. అందరూ సమ్మి అంటారు. సమ్మి వస్తూనే మొగిలమ్మ చెవి కమ్మను పిడికిట్లో పట్టుకుంది.

భారతి వెనకే కట్టమ్మ వచ్చి గడప మీద కూర్చుంది. ఆమె పిల్లలు ముగ్గురూ పెద్దవాళ్లయ్యారు. అయినా షెడ్డులోకి వెళ్లేముందు ఇక్కడ కాసేపు కూర్చోనిదే ఆమెకు తోచదు.

"ఏందే, మొఖం గట్ల పెట్టినవు?" అంది భారతిని చూసి.

"ఏమున్నదక్కా. మా ఆయన మళ్ల మొదలువెట్టిండు. పిల్లను ఇంట్ల పెంచుతవా, మిల్లుల పెంచుతవా, ఏదో ఒకటి చెప్పు అంటాండు."

"ఎల్లస్వామినే ఇంట్ల కూసొని పెంచుమను. మొగోనికి ఒళ్లు లేదా ఏంది?"

గదిలో ఉన్న తల్లులందరూ నవ్వారు.

"నవ్వకుండ్రి. నా ముగ్గురు ఈడనే పెరిగిండ్రు. ఏం, కొమ్ములు మొలిచినయా?"

"కొమ్ములు మొలవలేగని, నీ పెద్దోనికి నోరు మొలిచింది" అంది మొగిలమ్మ.

"అది నా పోలికలే అక్కా, నీ తప్పు గాదు."

భారతి కూడా నవ్వింది. షెడ్డులో తెగిన నూలుపోగును పట్టి ముడివేయడంలో ఆమెవంత చురుకైన వేళ్లు ఇంకెవరికీ లేవని పేరు. యంత్రాల హోరులో నిలబడినప్పుడు ఆమె ముఖంలోకి ఒక నెమ్మది వస్తుందని, ఇంట్లో అది ఉండదని కట్టమ్మ ఒకసారి చెప్పింది.

"నేను గూడ గట్టిగనే చెప్పినక్కా" అంది భారతి. "పనికి పోయి నేనేం పోగొట్టుకున్న? దాని మొదటి పన్ను నేనే చూసిన. అవ్వ అని మొదలు పిలిస్తే నేనే విన్న. రేపు నడిచినా నా కండ్ల ముంగటనే నడుస్తది. అట్ల గాకపోతే ఆ దినమే మిల్లు బంద్ చేస్త అన్న. మాటంటే మాటే."

మొగిలమ్మ తొట్టెలలోకి వంగింది. మడత లేని చోట మడత సర్దింది.

సమ్మి మొదటి పన్ను మొదట చూసింది మొగిలమ్మ. పాలు తాగిస్తుంటే చెంచాకు టక్కుమని తగిలింది. అమ్మను పిలిచే 'అవ్వ' అన్న మాటను మొదట విన్నదీ ఆమే. సమ్మి అలా పిలిచిందీ ఆమెనే.

కొలువులో చేరిన కొత్తలో, అప్పటి ముసలి ఆయా భద్రమ్మ ఈ పని నేర్పింది. పిల్లలు మనముందు ఏది మొదటిసారి చేసినా చూడనట్టే ఉండు అని చెప్పింది. సాయంత్రం తల్లి వచ్చినప్పుడు మాత్రం, రేపోమాపో నడుస్తదేమో, ఇంట్ల జర కనిపెట్టి చూడు బిడ్డా, అని ఒక మాట వేయమంది. ఆ రాత్రి తల్లి వంట మానుకొని చూస్తుంది. మర్నాడు పరుగెత్తుకుంటూ వచ్చి చెబుతుంది. అప్పుడు ముక్కున వేలేసుకోవాలి. ఇన్నేళ్లలో మొగిలమ్మ అలా ఎన్నిసార్లు ముక్కున వేలేసుకుందో లెక్కలేదు. తల్లుల సంతోషం చూస్తున్నప్పుడు, తాను చూసింది నిజంగానే చూడలేదేమోననిపించేంతగా అలవాటైంది.

ఆమె కొడుకు యాదగిరి నర్సంపేటలో నాయనమ్మ దగ్గర పెరిగాడు. ఆమె పనిలో చేరేనాటికి వాడికింకా నడక రాలేదు. ఆయా తన బిడ్డనే ముందు చూసుకుంటుందని ఎవరైనా అంటారేమోనని అత్తే తీసుకుపోయింది. ఒక సెలవునాడు మొగిలమ్మ ఊరికి వెళ్లేసరికి వాడు వాకిట్లో పరుగెత్తుతున్నాడు. ఎప్పుడు నడిచాడని అడిగితే అత్త, ఏమో, నడిచిండు అంది. పెరిగి పెళ్లయ్యాక యాదగిరికి ఒకసారి జ్వరం మితిమీరింది. దవాఖానలో పక్కనే కూర్చున్న తల్లి చేయి పట్టుకొని, ఎప్పుడో చచ్చిపోయిన నాయనమ్మను పిలిచాడు. మొగిలమ్మ ఆ పిలుపుకు ఓ అని పలికింది.

పొద్దెక్కింది. పిల్లలు నిద్రపోయారు. సమ్మి ఒక్కతే మేలుకొని కిటికీ ఊచ పట్టుకొని నిలబడింది. మొగిలమ్మ నేల మీద కూర్చొని గుడ్డలు మడత పెడుతూ తలెత్తింది. సమ్మి ఊచ వదిలింది. వదిలిన చేతిని తనే వింతగా చూసుకుంది. తర్వాత పొట్ట ముందుకు తోసి, రెండు చేతులూ చాపి, ఒక అడుగు, మరో అడుగు, ఆగి, ఇంకో రెండు అడుగులు వేసి మొగిలమ్మ ఒళ్లో పడింది. పడి, తలెత్తి, ఏదో పెద్ద పని ముగించినట్టు ఊపిరి వదిలింది.

మొగిలమ్మ చుట్టూ చూసింది. చూసినవాళ్లెవరూ లేరు. సమ్మిని గట్టిగా హత్తుకుంది. సాయంత్రం భారతికి చెప్పాల్సిన మాటను మనసులో సిద్ధం చేసుకుంది. ఎన్నోసార్లు చెప్పిన మాటే.

మధ్యాహ్నం భారతి పాలివ్వడానికి వచ్చింది. మేస్త్రీ ఏదో అన్నాడు కాబోలు, పెదవులు బిగించి ఉన్నాయి. ఒళ్లు తుడుచుకొని బిడ్డను తీసుకుంది. పాలు తాగినంతసేపు తాగి, సమ్మి మొగిలమ్మ వైపు చేతులు చాపి ఏడ్చింది. భారతి గుండెకు అదుముకుంటే వెనక్కి విరుచుకుంది. మొగిలమ్మ అలవాటుగా చేతులు చాపింది.

"సాలు పెద్దమ్మా" అంది భారతి. "నీ కొడుకునే పెంచుకోలేదు. నా పిల్ల మీద గింత ప్రేమ, గింత పావురమెందుకు నీకు?"

మొగిలమ్మ చేతులు అలాగే ఉండిపోయాయి.

"ఇయ్యాల నడిచింది" అంది.

"ఏంది?"

"నీ బిడ్డ. పొద్దుగాల నడిచింది. నా దిక్కు నడిచింది."

ఆ మాట నోటినుంచి వెళ్తున్నప్పుడు మొగిలమ్మకు ఎంత హాయిగా అనిపించిందో, అది వెళ్లిపోయాక అంత భయం వేసింది. దాచడానికి ఇన్నేళ్లు పట్టింది. చెప్పడానికి ఏమీ పట్టలేదు.

భారతి ఆమెనే చూస్తోంది.

"మరి పన్ను, పెద్దమ్మా?"

అబద్ధం సిద్ధంగానే ఉంది. నోరు కదిపితే చాలు. మొగిలమ్మ నోరు కదలలేదు. సైరన్ మోగింది. భారతి బిడ్డను తొట్టెలలో పడుకోబెట్టి, జాకెట్ సర్దుకుంటూ షెడ్డుకు వెళ్లిపోయింది.

షిఫ్టు దిగాక భారతి వచ్చి, తన చీర ముడి తనే విప్పింది. మొగిలమ్మ వేసిన ముడి అంత సులువుగా రాదు. గోళ్లతో, చివరికి పళ్లతో లాగి విప్పింది. ఈలోగా ఏడుస్తున్న సమ్మి చేతికి అన్నం గిన్నెలోంచి జామపండు ముక్క ఒకటి తీసి ఇచ్చింది.

"బిడ్డా" అంది మొగిలమ్మ, "ఇంటికి పోయి చేతులు చాపు. నీ దిక్కు గూడ నడుస్తది."

"నడుస్తది పెద్దమ్మా. ఎందుకు నడవది?" భారతి గొంతులో కోపం లేదు. "అది రెండోది."

చీరను నాలుగు మడతలు పెట్టి చంకలో ఇరికించుకుంది. వాకిలి దాటేముందు షెడ్డు వైపు ఒకసారి చూసింది. ఆ చూపును మొగిలమ్మ తట్టుకోలేకపోయింది. గేటు దగ్గర ఎల్లస్వామి సైకిల్ పట్టుకొని నిలబడి ఉన్నాడు. ఏమీ తెలియని మనిషి. అలవాటుగా చేయెత్తి, "పోయొస్తం పెద్దమ్మా" అని కేకేశాడు. సమ్మి తల్లి భుజం మీదుగా తొట్టెలల ఇంటి వైపే చూస్తూ మలుపు తిరిగిపోయింది.

కట్టమ్మ గడప మీద కూర్చొని ఉంది. షెడ్డులో భారతి చెప్పగా అంతా ఆమెకు తెలిసిపోయింది.

"రేపు పని బంద్ చేసి లెక్క తీసుకపోతదట. ఒక్క మాట నోట్లె పెట్టుకుంటే ఏం పోవునే అక్కా?"

"నాకు గూడ ఒకటి కావాల్ననిపించిందే కట్టమ్మా" అంది మొగిలమ్మ.

కట్టమ్మ కొంగు దులుపుకొని లేచి వెళ్లిపోయింది.

మొగిలమ్మ చీపురు అందుకొని గది మూలనుంచి ఊడ్చుకుంటూ వచ్చి, ఖాళీ కడ్డీ కింద ఆగింది. అక్కడ నేల మీద జామపండు ముక్క పడి ఉంది. దాని అంచున చిన్న చిన్న పళ్ల గాట్లు ఇంకా తడిగానే ఉన్నాయి, చుట్టూ మాత్రం గోధుమరంగు తిరుగుతోంది.